అయిదుగురి కొలత, వందమంది వంట: కామాఠీపురా గల్లీల్లో పొయ్యి లెక్క

ముంబయి నగరంలో గ్రాంట్ రోడ్డు, ముంబయి సెంట్రల్, బైకులా ప్రాంతాల నడుమ వరుస అంకెలతో పిలిచే గల్లీల సముదాయం కామాఠీపురా. 18వ శతాబ్దం చివరి నుంచి కట్టడపు పనులకూ కూలిపనులకూ అక్కడికి తరలివెళ్లిన తెలుగువారిని స్థానికులు కామాఠీలు అన్నారు. పేటకు ఆ పేరే స్థిరపడింది. పత్రికలు ఆ పేటను మరో కారణంగానే ఎక్కువగా తలచుకుంటాయి గాని, 1873లో జోతీరావు ఫులే స్థాపించిన సత్యశోధక సమాజానికి ముంబయిలో అండగా నిలిచిన రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి తెలుగు పెద్దల సమాజం కూడా అక్కడిదే. తరువాతి కాలంలో నూలు మిల్లుల పని కోసం పద్మశాలి కుటుంబాలు, ఇతర తెలుగు కుటుంబాలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్, నాయ్‌గావ్ చాళ్లలో కాపురాలు పెట్టాయి. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె తరువాత కొందరు పల్లెలకు తిరిగివచ్చారు, మరికొందరు అక్కడే ఉండిపోయారు. నిజామాబాదు, కరీంనగర్, మహబూబ్‌నగర్ ప్రాంతాల పల్లెల్లో ముంబయి చుట్టరికం లేని వాడ అరుదు.

ఆ చుట్టరికం తెచ్చే చిక్కుల్లో ఒకటి వంట. బొంబాయి అభివృద్ధి శాఖ 1920లలో కట్టించిన బీడీడీ చాళ్లలో గది విస్తీర్ణం సుమారు 160 చదరపు అడుగులు. వంట, పడక, పిల్లల చదువు అన్నీ అందులోనే. అలాంటి గదిలో రోజూ అయిదుగురికి వండే ఇల్లాలు పుట్టువెంట్రుకలకో, బోనాలకో, సద్దుల బతుకమ్మకో ఒక్కసారిగా వందమందికి వండవలసి వస్తుంది. వంటవాణ్ని పిలిచే స్తోమత అందరికీ ఉండదు. ఊరి నుంచి వచ్చిన అత్తలూ వదినలూ చేయి కలుపుతారు. బియ్యం ఇరవై రెట్లు, పప్పు ఇరవై రెట్లు అని లెక్క వేస్తారు. సమయం లెక్క మాత్రం ఎవరూ వేయరు. పన్నెండు గంటలకు విస్తళ్లు పడవలసి ఉండగా పదింపావుకు పొయ్యి వెలిగిస్తారు. ఒంటిగంటకు కూడా ఎసరు మసలదు.

"వదినే, ఇంకెంతసేపు?" అని గుమ్మంలో నిలబడి అడిగితే, "ఎసరు మసలాలె గద చెల్లే" అన్న సమాధానమే వస్తుంది. నెల సంపాదన పెట్టి తెచ్చిన బియ్యం తొందరలో పలుకుగా దిగడమో, కంగారులో ముద్దగా మారడమో జరుగుతుంది. ఊరు నుంచి వచ్చిన బంధువుల ముందు ఆ ఇంటి పెద్దలు పడే చిన్నతనం సామాన్యమైనది కాదు. ఈ లెక్క తెలియడం పల్లెలో గాడిపొయ్యి దగ్గర నిలబడేవారికి కూడా అంతే అవసరం.

ఎసరు మసిలే కాలం, గింజ ఉడికే కాలం

వంట సమయంలో రెండు భాగాలు ఉంటాయి. నీరు, పాత్ర, సరుకు వేడెక్కి మసిలే స్థితికి రావడం మొదటిది. మసిలే వేడిలో గింజ మెత్తబడడం రెండవది. ఇంట్లో అర కిలో బియ్యం వండేటప్పుడు ఈ రెండూ కలిసిపోయి ఒక్కటిగా కనిపిస్తాయి. రాశి పెరిగినప్పుడు మొదటిది రాశితో పాటు పెరుగుతుంది. రెండవది దాదాపు మారదు. గందరగోళమంతా ఈ తేడా గుర్తించకపోవడం వల్లనే.

ఇంటి గ్యాసు పొయ్యిలోని పెద్ద బర్నరు నుంచి సుమారు 2 కిలోవాట్ల వేడి వెలువడుతుందనుకుంటే, అందులో మూడింట రెండు వంతులు పాత్రకు చేరుతుంది. మిగిలినది గాలిలో పోతుంది. గంజి వార్చే పద్ధతిలో అర కిలో బియ్యానికి రెండున్నర లీటర్ల ఎసరు పెడితే, 30 డిగ్రీల నీరు మసలడానికి తొమ్మిది, పది నిమిషాలు పడుతుంది. అదే బర్నరు మీద పది కిలోల బియ్యానికి యాభై లీటర్ల ఎసరు పెడితే, కావలసిన వేడి సరిగ్గా ఇరవై రెట్లు కాబట్టి సమయమూ ఇరవై రెట్లు, అంటే మూడు గంటల పైమాట. ఇది మూత పెట్టి, గాలి తగలకుండా చూసుకున్నప్పటి లెక్క. ముంబయి వానాకాలపు గాలిలో మూత లేకుండా పెడితే పెద్ద గుండిగ అసలు గట్టిగా మసలకపోవచ్చు. బర్నరు ఇచ్చిన వేడినంతా పాత్ర అంచులూ పైభాగమూ బయటికి వదిలేస్తూ ఉంటాయి.

బియ్యం వేశాక మరో ఆలస్యం ఉంది. నానిన చల్లని బియ్యం పడగానే మసులుతున్న నీటి వేడి దాదాపు తొమ్మిది డిగ్రీలు పడిపోతుంది. ఈ పతనం చిన్న గిన్నెలోనూ పెద్ద గుండిగలోనూ ఒకటే. అయితే తిరిగి మసలడానికి చిన్న గిన్నెకు నిమిషంన్నర చాలు, ఇంటి బర్నరు మీది గుండిగకు దాదాపు అరగంట కావాలి. ఆ అరగంటా బియ్యం ఊరికే ఉండదు. బియ్యపు పిండిపదార్థం 70 డిగ్రీల ప్రాంతంలోనే నీరు పీల్చి ఉబ్బడం మొదలుపెడుతుంది. నీరు మసలకపోయినా గింజ మెత్తబడుతూనే ఉంటుంది. ఇంట్లో అలవాటు ప్రకారం "మసలిన తరువాత పన్నెండు నిమిషాలు" అని గడియారం చూసేవారు, పెద్ద వంటలో రెండోసారి మసిలేదాకా ఆగి ఆపైన పన్నెండు నిమిషాలు లెక్కిస్తే అన్నం మెత్తబడి ముద్దయిపోతుంది. పెద్ద గుండిగలో మళ్లీ మసలడం కనిపించిన వెంటనే గింజ పట్టి చూడడం మొదలుపెట్టాలి. ఆపైన ప్రతి రెండు నిమిషాలకూ చూడాలి. గడియారం కంటే వేళ్లు నమ్మదగినవి.

వార్చే క్షణం కూడా మారుతుంది. అర కిలో అన్నం వార్చిన కాసేపటికే చల్లబడుతుంది గనుక పూర్తిగా ఉడికాకే దించుతారు. పది కిలోల అన్నం కుప్ప లోపలి వేడి గంట దాటినా తగ్గదు, ఆ వేడిలో అది ఉమ్మగిల్లుతూనే ఉంటుంది. కాబట్టి గింజ నడుమ సన్నని పలుకు ఇంకా తెలుస్తూ ఉండగానే వార్చాలి. వార్చిన అన్నాన్ని లోతు గంగాళంలో కుమ్మరించకుండా, తెల్లని గుడ్డ పరిచిన వెదురు తట్టల్లోనో వెడల్పు పళ్లాల్లోనో పలుచగా పరచాలి. పైబరువు వల్ల అడుగు అన్నం నలిగిపోవడం కూడా దీనితో తప్పుతుంది.

ముంబయి సముద్రమట్టాన ఉంది, మన పల్లెలు ఎత్తున ఉన్నాయి, అందువల్ల అక్కడి లెక్క ఇక్కడ పనికిరాదని కొందరు అనుకుంటారు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీరు మసిలే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. నిజామాబాదు ఎత్తు 400 మీటర్ల లోపే. ఆ తేడా వంటలో తెలియదు. తెలిసే తేడా బియ్యం పాతదా కొత్తదా అన్నది. కొత్త బియ్యం త్వరగా ఉడికి త్వరగా ముద్దవుతుంది. రెండు రకాలు కలిసిన సంచిని పెద్ద వంటకు వాడకపోవడం మేలు.

చాళ్లలో ఉన్న వసతి

ఇంటి బర్నరుకు యాభై లీటర్లు తగినవి కావని తేలింది. గల్లీలో పెద్ద భట్టీ పెట్టించుకోవడం ఒక మార్గం. ఇంటి బర్నరుకు ఆరేడు రెట్ల వేడి ఇచ్చే భట్టీ మీద అదే ఎసరు అరగంట ప్రాంతంలో మసులుతుంది. పల్లెలో గాడిపొయ్యి చేసేది ఇదే. పొడవాటి కందకంలో కట్టెల మంట పాత్ర అడుగంతటికీ తగులుతుంది. అయితే భట్టీని గదిలోనో, చెక్క మెట్లున్న పాత చాళ్ల నడవాలోనో పెట్టడం ప్రాణాపాయం. గల్లీలో, ఆరుబయట, సిలిండరును మంటకు దూరంగా నిలబెట్టి, చిన్నపిల్లలు అటు రాకుండా చూసుకోవాలి.

రెండవ మార్గం చాళ్లకే చెల్లింది. నడవా పొడవునా వరుస గదులు, ప్రతి గదిలో ఒక పొయ్యి. పది కిలోల బియ్యాన్ని పది ఇళ్లకు కిలో చొప్పున పంచితే, ఒక్కో ఇంట అయిదు లీటర్ల ఎసరు ఇరవై నిమిషాల్లో మసులుతుంది, ముప్పావు గంటకు పది ఇళ్ల నుంచీ అన్నం దిగుతుంది. భట్టీ అద్దె లేదు, అలవాటైన పాత్రలు, అలవాటైన చేతులు. దీనికి ఉన్న లోపం ఒకటే. ఒక ఇంటి అన్నం పొడిగా, మరొక ఇంటిది మెత్తగా వస్తుంది. బియ్యం అంతా ఒకేచోట కడిగి, ఒకే సమయం నానబెట్టి, కొలిచి పంచితే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది. నీళ్లు కూడా ముందుగా చూసుకోవాలి. పంపు వచ్చే వేళలకు కట్టుబడిన చోట యాభై లీటర్ల ఎసరు, కడుగు నీళ్లు, పాత్రలు తోమే నీళ్లు కలిపితే రెండు డ్రమ్ములు సరిపోవు.

బగారా అన్నం వంటి, నీరంతా ఇగిరిపోయే వంటల్లో మరో సవరణ ఉంది. పాత్ర కొలతలు అన్ని వైపులా రెట్టింపయితే పట్టే పరిమాణం ఎనిమిది రెట్లు అవుతుంది, నోటి వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే. పైగా లీటరుకు అందే మంట కూడా తక్కువే. అందువల్ల లీటరు లెక్కన ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. ఇంట్లో ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీరు పోసే అలవాటు ఉన్నవారు, పెద్ద రాశికి ఒకటికి ఒకటిముప్పాతిక దగ్గర మొదలుపెట్టి, మసిలే నీటి చెంబు పక్కన ఉంచుకోవడం క్షేమం. తక్కువైతే చిలకరించవచ్చు, ఎక్కువైన నీటిని తీసే ఉపాయం లేదు. నీరు ఇంకిన తరువాత మంట బాగా తగ్గించి, అడుగున పెనం పెట్టి, మూత మీద బరువుంచి మగ్గనివ్వాలి. ఇంట్లో పది నిమిషాలు మగ్గే అన్నానికి ఇక్కడ ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు కావాలి. వేడి గింజల గుండా పైదాకా చేరడానికి పట్టే కాలం అది.

పప్పు, మాంసం, ఉల్లిగడ్డ

కందిపప్పుకు కూడా నియమం అదే. కుక్కరులో ఒత్తిడి పూర్తిగా అందాక లోపలి వేడి 120 డిగ్రీల దాకా చేరుతుంది. అక్కడి నుంచి ఉడికే కాలం పావు కిలోకూ రెండు కిలోలకూ ఇంచుమించు ఒకటే. మొదటి విజిల్ వచ్చే సమయమే పెరుగుతుంది. నురగ వచ్చే పప్పుతో కుక్కరును సగానికి మించి నింపకూడదు. నింపితే పప్పు ఆవిరి రంధ్రంలో ఇరుక్కుంటుంది, ఆపైన జరిగేది ప్రమాదమే. కుక్కరు లేకుండా గుండిగలో ఉడికించేటట్లయితే పప్పును గంటసేపు నానబెట్టడం వల్ల ఎంతో ఇంధనం మిగులుతుంది. చింతపండు పులుసు, టమాటా పప్పు మెత్తబడిన తరువాతనే పోయాలి. పులుపు ముందే పడితే పప్పు గట్టిగానే ఉండిపోతుంది. ఇంటి వంటలో అయిదు నిమిషాల ఆలస్యంగా కనిపించే ఈ పొరపాటు పెద్ద వంటలో గంట మింగుతుంది.

మాంసం ఉడికే కాలాన్ని నిర్ణయించేది గుండిగ కాదు, ముక్క. వేడి ముక్క నడుమకు చేరడానికి పట్టే కాలం మందం పెరిగిన దానికంటే వేగంగా పెరుగుతుంది. ముక్క రెండింతలు మందమైతే సమయం దాదాపు నాలుగింతలు. ఆలుగడ్డకూ అంతే. కసాయి దగ్గర ఎనిమిది కిలోల మాంసం కొట్టించేటప్పుడు ముక్కలు ఒకే తీరుగా ఉండేలా చూడడం పొయ్యి దగ్గర గంట కష్టపడడం కంటే లాభం. పొట్టేలు, మేక మాంసం కలిపి వండితే ఒకటి విడిపోయేసరికి మరొకటి సాగుతూ ఉంటుంది.

ఉల్లిగడ్డ వేయించడం దీనికి పూర్తిగా విరుద్ధమైన వ్యవహారం. ఇక్కడ సమయం రాశితో పాటు నిజంగానే పెరుగుతుంది. ఉల్లిగడ్డలో నూటికి ఎనభైకి పైగా నీరే. ఎర్రబడాలంటే ఆ నీటిలో ఎక్కువ భాగం ఆవిరైపోవాలి. కిలో ఉల్లిగడ్డ నుంచి 600 గ్రాముల నీరు పోగొట్టడానికి ఇంటి బర్నరుకు పదిహేడు నిమిషాలు పడుతుంది. నాలుగు కిలోలు ఒకేసారి వేస్తే గంట దాటుతుంది. పైగా ఆ గంటలో అది వేగదు, తన నీటిలో తానే ఉడుకుతుంది. బగారాలో రంగు రాలేదని, మసాలా పచ్చి వాసన పోలేదని చెప్పుకునే సందర్భాల్లో కారణం చాలాసార్లు ఇదే. ముందురోజు రాత్రి కిలో చొప్పున వెడల్పు మూకుట్లో వేయించి పెట్టుకోవచ్చు. సద్దుల బతుకమ్మ పులిహోర కోసం చింతపండు గుజ్జు ఉడికించడం కూడా నీరు పోగొట్టే పనే గనుక దానికీ ఇదే లెక్క.

గారెలు, సకినాలు వేయించేటప్పుడు ఒక్కో వాయికి పట్టే కాలం మారదు, వాయిల సంఖ్య పెరుగుతుంది. తొందరపడి మూకుడు నిండా వేస్తే నూనె చల్లబడి, పిండి నూనె పీలుస్తుంది. రెండో మూకుడు పెట్టడమే దారి. జొన్నరొట్టెలకైతే ఏ ఉపాయమూ లేదు. వంద రొట్టెలకు చేతులూ పెనాలూ పెంచవలసిందే.

ఉప్పూ కారాల సంగతి టూకీగా చెప్పుకోవాలి. ఆవిరి తక్కువ గనుక రుచి చిక్కబడడమూ తక్కువే, అయినా ఉప్పును లెక్క ప్రకారం అంతా ఒకేసారి వేయకూడదు. ముప్పాతిక వంతు వేసి, కలియబెట్టి, అయిదు నిమిషాల తరువాత రుచి చూసి మిగిలినది వేయాలి. పెద్ద గుండిగలో పైన చప్పగా, అడుగున ఉప్పగా ఉండడం మామూలే. పోపు గింజలకు ఇరవై రెట్లు అక్కరలేదు, పది పన్నెండు రెట్లు సరిపోతాయి. పాయసం వంటి పాల వంటకాలకు మందపు అడుగున్న పాత్ర, అడుగును తాకే పొడవాటి తెడ్డు, ఆ తెడ్డును వదలని ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి మరే పనీ అప్పగించరాదు.

దించిన తరువాత

పెద్ద వంటలో అసలు ప్రమాదం పొయ్యి మీద ఉన్నప్పుడు కాదు, దించిన తరువాత. వేడెక్కడానికి ఆలస్యం చేసిన ఆ రాశే చల్లబడడానికీ ఆలస్యం చేస్తుంది. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అవి మసిలే నీటిలో కూడా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మాంసపు కూరల్లో, పప్పులో క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే మరొకటి ఇదే తీరున పెరిగి, కడుపునొప్పి, విరేచనాలు తెస్తుంది. ఉదయం వండిన గుండిగను మూత పెట్టి సాయంత్రం దాకా ఉంచడం ఈ రెండింటికీ అనువైన ఏర్పాటు. వాసన, రుచి మారకుండానే ఆహారం చెడి ఉండవచ్చు.

వడ్డన సాగినంత సేపూ ఆహారం 60 డిగ్రీలకు పైగా, అంటే గరిటెతో తీసినప్పుడు పొగలు కక్కుతూ ఉండాలి. మిగిలిన దాన్ని వెంటనే చిన్న పాత్రల్లోకి, మూడు నాలుగు అంగుళాల లోతుకు మించకుండా సర్ది, పాత్రలను చల్లని నీటి తొట్టిలో ఉంచితే రెండు గంటల లోపు గది వేడికి దిగుతుంది. ఆ తరువాత ఫ్రిజ్‌లోకి చేర్చాలి. వందమంది తరువాత మిగిలింది చాళ్లలోని ఏ ఒక్క ఇంటి ఫ్రిజ్‌లోనూ పట్టదు కాబట్టి, వేడిగా ఉండగానే ఇంటింటికీ పంచడం మేలు.

సద్దుల బతుకమ్మ రోజు పరిస్థితి మరికొంత సున్నితం. సద్దులు పగలు వండి, ఆట ముగిసి బతుకమ్మలను సాగనంపిన తరువాత రాత్రి పంచుకుంటారు. వానలు వెనుదిరిగిన తరువాత ముంబయిలో ఉక్కపోత తక్కువ కాదు. పులిహోరకు చింతపండు పులుపు కొంత రక్ష. పుల్లదనం గింజగింజకూ పట్టితేనే ఆ రక్ష ఉంటుంది కాబట్టి గుజ్జు సమంగా కలపాలి. పెరుగన్నానికి అన్నం పూర్తిగా చల్లారిన తరువాతనే పెరుగు కలిపి, బయలుదేరే ముందు మాత్రమే డబ్బాకు ఎత్తాలి. నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది పొడిగా ఉన్నా వాటిలోనూ అన్నం ఉంది, కొబ్బరి త్వరగా పులుస్తుంది. కాబట్టి వాటిని మధ్యాహ్నం తరువాతనే కలపడం మంచిది. మలీదకు ఈ భయం తక్కువ.

పన్నెండు గంటల వడ్డనకు భట్టీ మీద వంట చేసేవారు వెనుక నుంచి లెక్కించుకుంటే ఇలా వస్తుంది: పదకొండు ముప్పావుకు అన్నం వార్చి పరచి ఉండాలి, పదకొండు ఇరవైకి బియ్యం ఎసట్లో పడాలి, పదీ ముప్పావుకు ఎసరు పెట్టాలి. భట్టీ ఒక్కటే అయితే పప్పు, మాంసం అంతకు ముందే దిగి ఉండాలి. అంటే ఎనిమిదికల్లా మంట వెలగాలి. అన్నం చివరిది, ఎందుకంటే దాన్ని వేడిగా నిలపడం అన్నిటికంటే కష్టం. భట్టీ లేక ఇంటి పొయ్యి ఒక్కటే దిక్కయినవారు ఎసటినీళ్లను నాలుగైదు గిన్నెల్లో పొరుగిళ్ల పొయ్యిల మీద మసలబెట్టి తెచ్చి గుండిగలో పోసుకోవచ్చు.

2025 ఆగస్టులో వర్లీ బీడీడీ చాళ్ల పునర్నిర్మాణంలో తొలి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ల తాళాలు అందాయి. బహుళ అంతస్తుల భవనాల్లో పక్కింటి పొయ్యి మూసిన తలుపు వెనుక ఉంటుంది, భట్టీ పెట్టే గల్లీ ఎన్నో అంతస్తుల కింద ఉంటుంది. అటువంటి ఇంట్లో నాలుగు బర్నర్ల పొయ్యి మీద ఒకేసారి వండగలిగింది రెండు మూడు కిలోల అన్నమే. వందమందిని పిలవదలచినవారు నాలుగు వాయిలుగా వండడానికి నాలుగు గంటలు పెట్టుకోవాలి, లేదా పొరుగు తలుపులు తట్టాలి.